రెండు వేర్లు

చెప్పుపువ్వు మొక్క మొగ్గేసిందన్న వార్త నాకు మొదట చెప్పింది, ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన మా మేనత్త రాజవ్వ. ఇయ్యాల కుండీ మారుస్తుంటే తడి బొగ్గు వాసనకు ఆ పొద్దు గుర్తొచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. బెంగళూరు నర్సరీలో పనిచేసే మామ, అత్తకోసం చెప్పు ఆకారంలో పూసే ఆ ఆర్కిడ్ మొక్కను పంపాడు. కుండీ నిండా బెరడు ముక్కలు, బొగ్గులే! మట్టి లేదు. ఎవరో చెత్త నింపారనుకుని అంతా పెరట్లో పారబోశాను. మా ఆర్మూర్‌లో పసుపు కొమ్ము నాటినట్టే మొక్కను నల్లమట్టిలో లోతుగా పాతి, రోజూ నీళ్లు పోశాను. నెలకల్లా ఆకులు వాలిపోయాయి.

కొడుతుందేమోనని భయపడ్డాను. అత్త నవ్వింది.

"పసుపనుకున్నవానే పిల్లా? దీని వేర్లకు గాలాడాలె!"

బీడీ ఆకు కత్తిరించే కత్తెరతో కుళ్లిన వేర్లు తీసేసింది. రెండే మిగిలాయి. పారబోసిన ముక్కలన్నీ నాతోనే ఏరించి, కడిగించి, అందులోనే నాటించింది. ఏడాదిపాటు పొద్దున దేవుడికి దండం పెట్టగానే మొక్క దగ్గరికి ఉరికేదాన్ని. ఓ పొద్దు నాకంటే ముందే అత్త మొగ్గను చూసి నన్ను కేకేసింది.

పువ్వు విచ్చిన రోజు అడిగాను: "చెప్పు లెక్కుంది గదా అత్తా, దేవుని ముందర పెట్టొచ్చా?"

"రాముని పాదుకలనుకో బిడ్డా. పెట్టు."

ఇప్పుడు నా వరండాలో పదకొండు కుండీలు. అన్నీ ఆ రెండు వేర్ల సంతానమే. మీ ఇంట ఏ మొక్క మళ్లీ చిగురించినా, మా రాజవ్వను ఒక్కసారి తలుచుకోండి.