డ్రైవరు సీట్లో ఖాసింబీ పిన్నమ్మ

మొన్న నందిగామ బస్టాండు బయట బండిమీద జామకాయలు ఏరుకుంటుంటే పక్కనుంచి ఒక లారీ పోయింది. ముందు డీజిలు వాసన వచ్చింది. దాని వెనకే ఎండలో కాగిన ఊలు వాసన. నిజంగానే తగిలిందో, నా భ్రమో చెప్పలేను. ఊలుకు వాసనేమిటని మీరు అడగవచ్చు. ఏళ్ల తరబడి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది, కొంచెం దుమ్ము, కొంచెం కలరా ఉండల వాసన. తలెత్తి చూస్తే లారీ ముందద్దం పైన ఎరుపు, నలుపు కుచ్చుల తోరణం ఊగుతోంది. మధ్యలో పొట్టిగా, రెండు పక్కలా పొడుగ్గా. "జామకాయలు కావాలా, లారీ కావాలా అమ్మా?" అన్నాడు బండి దగ్గరి మనిషి. నాకు ఆ రెండూ అక్కర్లేదు. జగ్గయ్యపేట బజారులో దారాల కొట్టు నడిపిన ఖాసింబీ పిన్నమ్మ కావాలి. ఆవిడ పోయి కొన్నేళ్లయింది.

గాజుల కొట్టుకూ మందుల షాపుకూ మధ్య ఇరుక్కున్న గది ఆవిడది. దారపు రీళ్లు, లేసులు, హుక్కులు, పూసలు, చీరల ఫాల్సులు నేలనుంచి కప్పుదాకా ఉండేవి. కొంగు తలమీదికి లాక్కుని, కళ్లజోడును దారంతో మెళ్లో వేలాడేసుకుని ముక్కాలిపీట మీద కూర్చునేది. ఆవిడ అలవాటు ఒకటి బజారంతా చెప్పుకునేవాళ్లు. ఎవరొచ్చి ఏమడిగినా డబ్బా తియ్యదు. "దేనికి?" అంటుంది. చెప్పాక "ఇంట్లో చూశావా?" అంటుంది. ఇంట్లో దొరికే వస్తువైతే ఎంత బతిమాలినా అమ్మదు. కొట్టు పెట్టుకున్నది కొనేవాళ్లను ఇంటికి పంపడానికా అని పక్క కొట్టువాళ్లు నవ్వుకునేవారు. అలా వెళ్లినవాళ్లు మళ్లీ వచ్చేవాళ్లన్నది వాళ్లు గమనించినట్టు లేదు.

నేనూ అలాగే దొరికిపోయాను. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న రోజులవి. ఫోన్లలో నెట్ అప్పుడప్పుడే చవకైంది. ఎవరో ఊలుతో గోడకు వేలాడదీసే బొమ్మ చేస్తుంటే చూసి, అది నేనూ చెయ్యాల్సిందేనని అమ్మను లాక్కుని చందర్లపాడు దగ్గర మా ఊరినుంచి నందిగామ మీదుగా జగ్గయ్యపేట వెళ్లాను.

"ఊలు ఇంట్లో చూశావా?" అంది పిన్నమ్మ.

"ఊలు మా ఇంట్లో ఎందుకుంటుందండీ? మా ఊరేమన్నా కాశ్మీరా?" అన్నాను. నా నోరు అప్పుడూ ఇంతే. అమ్మ నా చెయ్యి గిల్లింది.

ఆవిడ కోప్పడలేదు. "మీ ఇంట్లో కాశీ ఎవరూ పోలేదా?" అంది.

నాకు నవ్వాగలేదు. మా నాన్నమ్మ కాశీ వెళ్లేముందు చలికి భయపడి స్వెటరు కొనిపించుకుంది. వచ్చాక మన ఎండల్లో దాని మొహం చూసే పని లేక బీరువా అడుగున కలరా ఉండలతో పడుకోబెట్టింది. మా ఊళ్లో కాశీ వెళ్లొచ్చిన ప్రతి ఇంటి బీరువాలోనూ అలాంటిదొకటి ఉంటుందని నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. ఇంటికెళ్లి అడిగితే "పుణ్యం ఉందే దాంట్లో, నాకు కనపడేట్టు వేలాడదియ్యి" అని షరతు పెట్టి నాన్నమ్మ ఇచ్చింది. స్వెటరు విప్పితే ఎంత ఊలు వస్తుందో చూసి నోరు తెరిచాను.

మధ్యాహ్నం బజారు పలచబడ్డాక కొట్లో చాప పరిచి పిన్నమ్మ కుట్లు, అల్లికలు నేర్పేది. ఫీజు లేదు. వచ్చేవాళ్లు ఇంట్లో పనికిరాదనుకున్నదేదో ఒకటి తేవాలి, అంతే. ఒకరు దర్జీ దగ్గర మిగిలిన ముక్కలు తెచ్చేవారు, ఒకరు మిర్చి సంచులు విప్పిన పురికొస, ఒకరు పాత పట్టుచీర అంచు. దారాల డబ్బాకు ఫోను ఆనించి హిందీ వీడియో పెట్టి, అందులో పిల్ల చెప్పేదాన్ని మాకు తెలుగులో చెప్పేది. ఆ పిల్ల తప్పు చెబితే తిట్టేది కూడా. పాత వారపత్రికల్లో అల్లికల పేజీలు ఉంటాయని నన్ను లైబ్రరీకి తోలింది. "చూడ్డానికి ఎవరూ ఏమీ అడగరు, పైగా ఫ్యాను కింద కూర్చోవచ్చు. పో" అంది. ఇంత మంచిదేకానీ ముడి వంకరపోతే మాత్రం దయ లేదు. చేతిలోంచి లాక్కుని మొత్తం విప్పేసేది. నేనొకసారి ఏడిస్తే టీ తెప్పించి ఇచ్చి, నేను తాగుతుండగా మిగిలింది కూడా విప్పింది.

నేను వారానికి మూడు నాలుగుసార్లు బస్సెక్కడం చూసి మా నాన్నకు ఓపిక నశించింది. ఆయన పత్తి, మిర్చి వేసే రైతు. కొనేవాడు లేని పంట వెయ్యకూడదన్నది ఆయన సిద్ధాంతం. అప్పటికి నా బొమ్మల్ని మా పెద్దమ్మ, అత్తలు, బావగార్లు కొన్నారు. "వాళ్లు మొహమాటానికి కొన్నారే" అన్నాడు. "మనవాళ్లు కానివాళ్లు ఒక్కళ్లంటే ఒక్కళ్లు కొననీ, నిన్ను నేనే తీసుకెళ్లి బస్సెక్కిస్తా. ఉగాదిలోపు కొనలేదనుకో, మీ మావయ్య జిరాక్సు షాపులో కూర్చుందువుగాని." ఆ షాపు నందిగామ కోర్టు ఎదురుగా ఉంది. మావయ్య మంచివాడే, పనీ మంచిదే. కానీ జీవితాంతం ఎవరివో దావా కాగితాలు బోర్లా తిప్పుతూ నిలబడడం నావల్ల కాదు. నా చేతులకు వచ్చిన పని ఒకటుందని అప్పుడే తెలిసింది, అప్పుడే పోతుందేమోనని భయం వేసింది.

పిన్నమ్మకు చెప్పాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ ఆలోచించింది. "మనవాళ్లు కానివాళ్లు ఎక్కడుంటారే?" అని తనే అడిగి, తనే చెప్పింది. "గరికపాడులో. చెక్‌పోస్టు దగ్గర ఆగే లారీలన్నీ వాళ్లవే కదా."

లారీలకు కట్టే కుచ్చులు, తోరణాలు అమ్మే కొట్టు అక్కడ డాబా పక్కనే ఉంది, సాంబయ్యగారిది. సరుకంతా ఉత్తరాది నుంచి వస్తుందట. మేము చాపమీద వాళ్లమంతా కాశీ స్వెటర్లు విప్పి, రంగు వేయించి, తోరణం అల్లాం. కొలత కావాలంటే పిన్నమ్మ తన కొట్టు గుమ్మం చూపించింది. "తోరణమంటే తోరణమే" అంది. మాకు తెలిసిన తోరణం ఒకటే, గుమ్మానికి కట్టేది, నడుమ నిండుగా జారేది. అలాగే కట్టాం. ఎంత బాగా వచ్చిందో! దిష్టి తగులుతుందని నల్లకుచ్చు ఒకటి ఎక్కువే వేశాం.

నేను ఒక్కదాన్నే తీసుకెళ్లాను. సాంబయ్యగారు ఆగి ఉన్న లారీకి కట్టించి, డ్రైవరును లోపల కూర్చోమన్నారు. కుచ్చులు సరిగ్గా ఆయన ముక్కు ముందుకొచ్చి ఊగాయి. డ్రైవరు తల అటు వంచి, ఇటు వంచి, చివరికి మెడ కిందికి పెట్టి చూశాడు.

"ఇది లారీకి కట్టావా, పెళ్లిపందిరికి కట్టావా అమ్మా?" అన్నారు సాంబయ్యగారు. "రోడ్డు కనపడొద్దూ?"

డాబాలో తింటున్నవాళ్లందరూ నవ్వారు. నేను తోరణాన్ని సంచిలో కుక్కుకుని బస్సెక్కాను. దారిపొడుగునా నాకు జిరాక్సు మిషను చప్పుడే వినిపించింది.

చెప్పింది వినగానే పిన్నమ్మ లేచి కొట్టు తలుపులు మూసింది. రంజాను పండక్కి తప్ప పగటిపూట మూయని తలుపులు. ఇద్దరం గరికపాడు వెళ్లాం. డాబా ముందు ఆగిన రాతిపలకల లారీ డ్రైవరుతో హిందీలో ఏదో చెప్పింది. అతను బిత్తరపోయి పక్కకు జరిగాడు. అరవయ్యేళ్లు దాటిన మనిషి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, కమ్మీ పట్టుకుని, మోకాళ్లను తిట్టుకుంటూ లారీ ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుంది. "నువ్వూ ఎక్కవే" అని అరిచింది. పక్కన కూర్చున్నాను. అక్కణ్ణుంచి చూస్తే లోకం వేరేగా ఉంది. రోడ్డు కిందికి పోయింది, మనుషులు పొట్టివాళ్లయ్యారు. పిన్నమ్మ మా తోరణాన్ని అద్దానికి ఎదురుగా రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. రోడ్డు మాయమైంది.

"తప్పు నాదే అమ్మాయ్" అంది. "గుమ్మం తోరణం కింద మనిషి ఒక్క అడుగేసి లోపలికి పోతాడు. ఈ బిడ్డ పొద్దస్తమానం దీని కిందే కూర్చుంటాడు. మనం గుమ్మాన్ని కొలిచాం గాని మనిషిని కొలవలా." కాసేపు స్టీరింగు నిమిరి, "ఇకనుంచి వాడేవాడి సీట్లో కూర్చోకుండా దారం తెంచకు" అంది. వెంటనే దిగిందా? లేదు. "హారను ఏదిరా నాయనా?" అని అడిగి మరీ నొక్కింది. నవ్విన డాబా అంతా ఉలిక్కిపడి లేచింది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

మళ్లీ మొదలుపెట్టాం. మధ్యలో రెండు వేళ్లంత పొట్టి, పక్కలకు పోయేకొద్దీ పొడుగు. చివర్లకు మువ్వలుంటే బాగుంటుందని అడిగాను. "ఇంట్లో చూశావా?" అంది, అలవాటు ప్రకారం. మా ఇంట్లో ఉన్నాయి. ట్రాక్టరు వచ్చాక అమ్మేసిన ఎడ్లజత మెడ మువ్వలు కొట్టంలో కొయ్యకు వేలాడుతున్నాయి. అడిగితే నాన్న "వాటిని ముట్టుకోకు" అన్నాడు. మువ్వలు లేకుండానే, పూసలతో సరిపెట్టాం.

ఉగాది దగ్గరికొచ్చేసింది. ఈసారి పిన్నమ్మా, నేనూ కలిసే వెళ్లాం. సాంబయ్యగారు తోరణాన్ని కొట్టు ముందు తగిలించి మాకు బెంచీ వేశారు. లారీలు వచ్చాయి, పోయాయి. ఒకాయన చూసి మొహం తిప్పుకున్నాడు, ఒకాయన చేత్తో తడిమి వదిలేశాడు. పొద్దు వాలుతుండగా ఒక సర్దార్జీ దిగాడు. కట్టి చూపించమన్నాడు. సీట్లో కూర్చుని ఎడమకు చూశాడు, కుడికి చూశాడు, దూరంగా రోడ్డు చూశాడు. బొటనవేలు ఎత్తి "నంబర్ వన్" అని డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. పక్కద్దాలకు కూడా కుచ్చులు కావాలని, తిరుగు ప్రయాణంలో తీసుకుంటానని చెప్పాడు. నేనెవరి కూతుర్నో, ఏ ఊరిదాన్నో ఆయన అడగలేదు. రోడ్డు కనపడుతోందా, తోరణం బాగుందా, అంతే చూసుకున్నాడు. ఆ లారీ హైదరాబాదు వైపు కదులుతూ పొడుగ్గా హారను కొట్టింది. నేను రోడ్డు పక్కన ఎగిరి గంతేశాను. పిన్నమ్మ నెత్తిన కొంగు జారిపోతున్నా చూసుకోకుండా రెండు చేతులూ ఊపింది.

ఇంటికెళ్లి చెప్పాను. "ఎవరు కొన్నారు?" అన్నాడు నాన్న.

"పంజాబీ సర్దార్జీ."

"మనవాళ్లకు తెలిసినవాడేమో?"

"మన భాషే రాదు నాన్నా ఆయనకి!"

నాన్న లేచి కొట్టంలోకి వెళ్లాడు. వచ్చేటప్పుడు చేతిలో మువ్వలున్నాయి. తువ్వాలుతో తుడిచి నా ముందు పెట్టాడు. "ట్రాక్టరుకు ఒకటి కడతావా? నేనూ కొంటా" అన్నాడు.

"కడతా. కానీ మనవాళ్లు కొంటే లెక్కలోకి రాదుగా?" అన్నాను. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను ఎడ్లను అమ్మేశాక వినలేదు. మర్నాడు బండిమీద నందిగామ తీసుకెళ్లి జగ్గయ్యపేట బస్సెక్కించి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఇప్పుడు నందిగామలో నాకూ ఒక దారాల కొట్టుంది. మధ్యాహ్నం చాప పరుస్తాను, ఫీజు తీసుకోను. మొన్నటి లారీ తోరణం ఎవరు అల్లారో నాకు తెలియదు. పిన్నమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్లు నేర్పినవాళ్లు ఎన్ని ఊళ్లలో ఉన్నారో! ఇటువైపు ఇప్పుడు అందరూ మధ్యలో పొట్టిగానే కడుతున్నారు. అదే పద్ధతనుకుంటున్నారు. ఆ పద్ధతి కోసం ఒకావిడ మోకాళ్లను తిట్టుకుంటూ లారీ ఎక్కిందని వాళ్లకు తెలియకపోయినా నాకు గర్వంగానే ఉంది.

జామకాయలు తీసుకుని కొట్టుకు వెళ్లేసరికి మా చాపమీది రమణ ఉయ్యాలకు కట్టే చిలకల గుత్తి పూర్తిచేసి ఎదురుచూస్తోంది. అక్కకు బిడ్డ పుట్టిందట. పాత జాకెట్టు ముక్కలతో కుట్టిన చిలకలు, ఎర్రటి ముక్కులు, పూసల కళ్లు. ఎంతో ముద్దుగా ఉన్నాయి. కొక్కేనికి తగిలించి చూపించింది.

"పడుకో" అన్నాను.

"ఎక్కడ మేడం?"

"దాని కింద."

దానికి అర్థంకాక నిలబడితే ముందు నేనే చాపమీద వెల్లకిలా పడుకున్నాను. కొనడానికి వచ్చినావిడ గుమ్మంలో ఆగిపోయి నన్ను వింతగా చూసింది. రమణ కూడా సిగ్గుపడుతూ పక్కన పడుకుంది. పైకి చూస్తే ముక్కుల్లేవు, కళ్లు లేవు. చిలకల పొట్టలు, తోకలు, వాటి కింద ముడులు మాత్రమే కనపడుతున్నాయి.

రమణ కిసుక్కున నవ్వింది. "అయ్యో, పాప చూసేది ఇవా!" అని లేచి, గుత్తిని దించి, చిలకల మొహాలు కిందికి తిప్పి కుట్టడానికి కత్తెర అందుకుంది.