మంచు దిగితే ఆపేసే మా శీనుబావ

నిన్న పొద్దున్న కొట్లో రాజ్‌మా ఏరుతుంటే ఫోన్ మోగింది. అవతల సుజాతక్క.

"శీనుబావ ఇక లేడే" అంది.

నమ్మలేదు. "నిన్న సాయంత్రమే కదా ఫోన్‌లో నాతో గొడవపడ్డాడు, ఎలా పోతాడు?" అని అక్క మీదే అరిచాను. మొగుడు పోయిన మనిషి మీద అరిచాను చూడండి, ఎంత బుద్ధిలేనిదాన్నో!

వైజాగ్ ఇంట్లో కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. హార్ట్ ఎటాక్. యాభై నాలుగేళ్లు.

ఇదేం పని బావా?

మీలో చాలామందికి అతను కెప్టెన్. నాకు మేనమామ కొడుకు. అరకులో జీపు తోలిన అప్పలరాజు మామయ్య పెద్దకొడుకు. విదేశీ ఎయిర్‌లైన్స్‌లో ఏళ్ల తరబడి కాంట్రాక్ట్ పైలట్‌గా చేశాడు. ఆరు వారాలు డ్యూటీ, మూడు వారాలు సెలవు. ఆ మూడు వారాలూ అరకు వచ్చి మా కొట్లో కూర్చుని నా తూకానికి వంకలు పెట్టడమే పని.

బావ సంగతి చెప్పాలంటే ముందు మామయ్య జీపు సంగతి చెప్పాలి.

తొంభైల్లో మామయ్య అరకు నుంచి ఎస్.కోటకి ట్రిప్పులు వేసేవాడు. అనంతగిరి ఘాట్‌లో మంచు దిగిందా, బండి పక్కకి ఆపి, తాళం తీసి, బండిలో అందరికంటే పెద్దవాళ్ల చేతిలో పెట్టేసేవాడు. మలుపులో సున్నం కొట్టిన తెల్లరాయి ఉండేది. అది వాళ్ల కళ్లకి కనబడేదాకా తాళం తిరిగి అడిగేవాడు కాదు. తాళం తన దగ్గరుంటే తనకే తొందర పుడుతుందని ఆయన భయం.

బావ పైలట్ ట్రైనింగ్ సెలెక్షన్‌కి వెళ్లే రోజున కూడా అంతే. నేనూ అదే జీపులో ఉన్నాను. మంచు దిగింది. తాళం ఒక ముసలమ్మ చేతికి వెళ్లింది. గంటన్నర కూర్చున్నాం.

"నాన్నా, రైలు పోతాది" అని బావ ఏడుపు మొహం పెట్టాడు.

"పోతే ఇంకోటి వత్తాది. బేగి ఎల్లి ఏటి సేత్తావురా, లోయలో పడతావా?" అన్నాడు మామయ్య.

రైలు పోయింది. సెలెక్షనూ పోయింది. బావ నెల రోజులు తండ్రితో మాట్లాడలేదు. తర్వాతి ఏడాది మళ్లీ వెళ్లి సీటు కొట్టాడు. జగమొండి!

ఇక అసలు సంగతి. అప్పటికి బావ విదేశంలో కాంట్రాక్ట్‌లో చేరి రెండేళ్లు కావొస్తోంది. రెన్యూవల్ టైమ్. ఒక పొద్దున్న దిగాల్సిన ఊళ్లో పొగమంచు. కిందికి వచ్చి చూశాడు, రన్‌వే కనబడలేదు. మళ్లీ పైకి లేపి, ఇంకో ఊరు తీసుకెళ్లి దించాడు.

ఆ విమానంలో ఎవరో పెద్దమనిషి ఉన్నాడట. మీటింగ్ పోయిందని గోల. మీ ముందు వచ్చిన విమానం దిగింది కదా, మీకేం అంది కంపెనీ. "నా అంచనా తప్పు" అని రాసి సంతకం పెడితే రెన్యూ చేస్తామంది.

కాంట్రాక్ట్ పైలట్ వెనక యూనియన్ ఉండదు, ఎవరూ ఉండరు. అయినా రాయలేదు. సూట్‌కేస్ పట్టుకుని అరకు వచ్చేశాడు.

నేను ఊరుకుంటానా? "ఒక్క సంతకమే కదా, గీకి పడేయ్ బావా! మళ్లీ ఎవడు పిలుస్తాడు నిన్ను?" అని నోటికొచ్చినట్టు తిట్టాను.

మామయ్య ఇంకో మెట్టు పైన. ఓనర్‌కి కోపమొస్తే మా వైపు జీపు డ్రైవర్లు చేసే పనే చెప్పాడు. "సీతాఫలాల బుట్టొకటి అట్టుకుని మీ ఓనరు ఇంటికెల్లు. గుమ్మంలో పెట్టి నిలబడు. ఆడే మెత్తబడతాడు."

బుట్ట కూడా కట్టించేశాడు! విమానాల కంపెనీకి గుమ్మం ఎక్కడుంటుంది మామయ్యా అని నేను పగలబడి నవ్వాను.

బావ నవ్వలేదు. "నాన్నా, మంచు దిగింది. రాయి కనబడలేదు. ఆపేశాను" అన్నాడు.

 మామయ్య బుట్ట నా ముందుకి తోశాడు.

"ఒసే గుంటా, పళ్లు పిల్లలకి పంచెయ్. ఆడు తప్పు సెయ్యలేదు."

నాకు సిగ్గేసింది.

ఆ తర్వాత తొమ్మిది నెలలు ఉద్యోగం లేదు. లైసెన్స్ బతికుండాలని మెడికల్‌కీ, సిమ్యులేటర్ టెస్టుకీ టైమ్‌కి వెళ్లొచ్చేవాడు. నా పసుపు బస్తాల మీద మాన్యువల్స్ పరుచుకుని చదివేవాడు. నెట్ సెంటర్‌కి వెళ్లి మెయిల్స్ పెట్టేవాడు. పాత కాంట్రాక్ట్ ఎందుకు పోయిందని ఎవరడిగినా ఒకటే జవాబు: రన్‌వే కనబడలేదు, దించలేదు. అబద్ధం ఆడమని నేనే ఎన్నిసార్లు పోరానో! ఆఖరికి ఆ జవాబు విన్నాకే ఒక కంపెనీ పిలిచింది. చివరిదాకా వాళ్ల విమానాలే నడిపాడు.

నిన్న మధ్యాహ్నమే నేను వైజాగ్ దిగాను. ఈరోజు పొద్దున్న బావని అంబులెన్స్‌లో అరకు తెస్తున్నాం. సుజాతక్క, వాళ్లబ్బాయి, నేను.

అనంతగిరి ఘాట్‌లో మంచు దిగింది.

ఇంటి దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు, బేగి రండి, బేగి రండి అని. డ్రైవర్ కూడా, "నాకు అలవాటైన రోడ్డే మేడమ్, పోనిచ్చేద్దాం" అన్నాడు.

"ఆపు" అన్నాను. "తాళం ఇలా ఇయ్యి."

నా గొంతుకి జడిసి ఇచ్చేశాడు.

బండిలో పెద్ద ఎవరు? నాకు యాభై ఒకటి. బావకి యాభై నాలుగు.

తాళం తీసుకెళ్లి బావ చేతి కింద పెట్టాను. సుజాతక్క అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నలభై నిమిషాలు కూర్చున్నాం. బండిలో ఎవరూ తొందరపెట్టలేదు.

మంచు విడిచింది. మలుపులో తెల్లరాయి కనబడింది. బావ చేతి కింద నుంచి తాళం నేనే తీశాను.

రాయి కనబడింది బావా. ఇక బయల్దేరు. నెమ్మదిగా వెళ్లు, హాయిగా ఉండు.