కంజు పిట్టలు వండిన పూట

సూర్యాపేట దాటాక హైవే మీద ఏ దాబా ముందు బండి ఆపినా ఇప్పుడు ఒకటే వాసన. కాగిన నూనె, మాడీ మాడని కరివేపాకు, వాటి వెనకాలే వేగుతున్న పిట్ట మాంసం. బోర్డుల మీద కౌజు పిట్టలని రాస్తున్నారు గానీ మా ఊళ్లో వాటిని కంజు పిట్టలనేవాళ్లు. ఆ వాసన తగిలితే నాకు ఆకలి కన్నా ముందు సిగ్గు వస్తుంది. ఎందుకో చెప్పేస్తాను, ఈ వయసులో దాచుకుని చేసేదేముంది. బడికి పోయే వయసు వచ్చాక కూడా నేను, కోడికి కాళ్లుండేది నడవడానికి, మా మిర్యాలగూడ మామ తినడానికి, అంతే అనుకునేవాణ్ణి. మా ఇంట్లో కాలు ముక్క పేరే అల్లుడి ముక్క. ఒకసారి కోదాడలో అమ్మమ్మ ఇంటికి పోతే ఆవిడ ప్రేమగా నా కంచంలో కాలు వేసింది. నేను దాన్ని రెండు వేళ్లతో ఎత్తి మళ్లీ గిన్నెలో వేసి, "ఇది అల్లుడి ముక్క, నాకింకా పెండ్లి కాలె" అన్నాను. ఇల్లంతా పడీ పడీ నవ్వింది. "పెళ్లయ్యేదాకా ఆగుతావేంటి నాయనా?" అని అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది. అమ్మ ఒక్కతే నవ్వలేదు. పెద్దయ్యాక గానీ ఆ నవ్వకపోవడం ఎంత పెద్ద మాటో నాకు తెలియలేదు.

మా ఊరు గరిడేపల్లి పక్కన. సాగర్ కాలువకు నీళ్లు వదిలారంటే ఊరి వాసనే మారిపోయేది. అంతవరకూ ఎండుగడ్డి, పేడ, దుమ్ము కలిసిన వాసనతో ఎండలో పడుకున్న ఊరు, రాత్రికి రాత్రి బురద వాసన కప్పుకుని లేచేది. నాట్ల రోజుల్లో మడమల దాకా బురదతో వచ్చే ఆడవాళ్ల పాటలు, కాలువ గట్టు మీద మేం ఆడే చిర్రగోనె, కోతలయ్యాక మోళ్ల మీద ఒట్టి కాళ్లతో పరుగెత్తి పాదాలు గీరుకుపోతే నాయినమ్మ రాసే పసుపూ నూనే, బతుకమ్మ రోజుల్లో పెరటినిండా తంగేడు పూల పచ్చి వాసన, సంక్రాంతి ముందు అత్తా కోడళ్లు ఎదురెదురుగా కూర్చుని గుడ్డ మీద చుట్టే సకినాలు, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి గుర్తొస్తాయి. నాయినమ్మ సకినం చుట్టు చుట్టుకూ కోడలి చుట్టు వంక చూసేది. వంకర కనిపించకపోతే నిరాశపడేది. అమ్మ మాట చివర వచ్చే "అండి" అంటే కూడా ఆమెకు పడేది కాదు. "ఈ కోదాడోళ్లకు అండి లేంది ముద్ద దిగదు" అనేది.

ఇగ మామ సంగతి. ఆయన మా అత్తమ్మ భర్త, అంటే మా నాయినకు అక్క మొగుడు. మిర్యాలగూడలో రైస్ మిల్లులో గుమాస్తా, నడక మాత్రం మిల్లు యజమానిది. స్కూటర్ మీద వచ్చేవాడు. చొక్కా మడతల్లో తౌడు, మాటల్లో పొట్టు. ఊరి మొగదలలో ఆయన హారన్ వినపడగానే మా కోళ్లు గడ్డివాము కిందికి దూరేవి. ఆయన ఎందుకు వస్తున్నాడో మా కన్నా ముందు వాటికి తెలిసేది.

అల్లుడు వచ్చాడంటే కోడి తెగాలి. తెగిన కోడికి మా ఇంట్లో ఒక చట్టం ఉండేది. కాళ్లు రెండూ అల్లుడికి, కార్జం తాతకు, బోరు, అంటే రొమ్ము ముక్కలు నాయినకూ వచ్చిన మగవాళ్లకూ, రెక్కలు మగపిల్లలకు, అంటే నాకు. ఇక గిన్నెలో మిగిలేది మెడ, పులుసు, ఆలుగడ్డలు. అసలు ఆలుగడ్డ కూరలో పడేదే అందుకు. ఎంత మంది వచ్చినా కోడి సాగదు, ఆలుగడ్డ సాగుతుంది. మగవాళ్లంతా తిని లేచి, చెయ్యి కడుక్కుని, అరుగు మీద కల్లు ముంత దగ్గర కూర్చున్నాక, నాయినమ్మ, అమ్మ, అత్తమ్మ పొయ్యి దగ్గర చేరి అదే గిన్నెలో అన్నం వేసి కలుపుకునేవాళ్లు. పుట్టింటికి వచ్చిన కూతురన్న పేరే గానీ అత్తమ్మకూ వేరే కంచం లేదు. ఆమె భర్త తింటున్నంత సేపూ చెంబు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేది, ఆయన తల ఎత్తితే నీళ్లు, చెయ్యి ఎత్తితే అన్నం.

ఒక వానాకాలం అత్తమ్మకు టైఫాయిడ్ వచ్చింది. మిర్యాలగూడ దవాఖానలో ఉంచి, జ్వరం దిగాక పుట్టింటికి పంపారు. పచ్చజొన్న కంకి లాంటి మనిషి ఎండిన చొప్పలా బస్సు దిగింది. నాయినమ్మ పథ్యం పెట్టింది. నూక జావ, బీరకాయ, చారు. జ్వరం తిరగబడదని నమ్మకం కుదిరాక పథ్యం విడిచే రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు ఇంకా గుడ్డు పెట్టని చిన్న పెట్టను కోసి, మిరియాలేసి, మెత్తగా ఉడికించి, ఆ మనిషి ఒక్కరికే పెట్టాలి. అమ్మ ఆ పెట్టను ఎప్పటినుంచో గంప కింద పెట్టి సాకింది. అత్తమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, పొయ్యి ముందు జుట్టు ఆరబెట్టుకుంటూ, చిన్నపిల్లలా గిన్నె మూత వంక చూస్తూ కూర్చుంది.

అప్పుడు వినపడింది హారన్.

చెప్పాల్సిన పని లేదు. పెళ్లాన్ని చూడ్డానికి వచ్చిన మనిషి, వెంట ఇంకొకణ్ణి కూడా తెచ్చాడు. నాయినమ్మ పరుగున వచ్చి గిన్నెలో నీళ్లు పోసి, కారం వేసి, ఆలుగడ్డలు కోసి పడేసింది. పథ్యం పెట్ట అల్లుడి కోడి అయిపోయింది. ఆ మధ్యాహ్నం అత్తమ్మ నీరసంతో గోడ పట్టుకుని నిలబడి నీళ్లు పోసింది. చివరికి ఆమెకు దక్కింది పులుసులో చితికిన ఆలుగడ్డ. "మంచిగనే ఉంది మరదలా, మెత్తగుంది" అని అమ్మనే ఓదార్చింది. అమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని పెరట్లోకి పోయింది. గిన్నె తోముతూ ఉంటే మసి పోయి, కళాయి కూడా పోతుందేమో అన్నంత గట్టిగా తోమింది. నేను రెక్క చీకుతూ చూస్తున్నాను. నా ఘనత అంతవరకే.

కొన్నాళ్లకు మామ, పెళ్లాన్ని తీసుకుపోతానని కబురు పంపాడు. ఆ రోజుల్లోనే మా ఊరి సైదులు రోడ్డు పక్కన షెడ్డు వేసి కంజు పిట్టలు పెంచడం మొదలుపెట్టాడు. ఊరంతా అతన్ని చూసి నవ్వింది. "ఎగిరిపొయ్యేటి పిట్టకు మేత పెట్టుడేందిర?" అని. అమ్మ నవ్వలేదు. మామ వచ్చే రోజు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు పోయి, ఇంట్లో ఉన్న తలలూ వచ్చే తలా లెక్కపెట్టి, తలకొక పిట్ట తీసుకుంది.

"అల్లుడొస్తుండంటగద వదినా, కోడి ఇడిసి ఇవేంది? ఒక్క బుక్కకు గావు" అన్నాడు సైదులు.

"ఒక్క బుక్కైనా అందరికీ వస్తుందిగా" అంది అమ్మ.

ఆ వంట నా ముక్కులో ఇప్పటికీ ఉంది. బయట పత్తికట్టె పొయ్యి. పిట్టలను పసుపూ ఉప్పూ రుద్ది కడిగి, ముక్కలు చేయకుండా నిండుగానే అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి పక్కన పెట్టింది. పుల్లలు చిటపటమంటుంటే ఆలుగడ్డలను సగానికి కోసి ముందు నూనెలో వేయించింది. వాటి అంచులు బెల్లం రంగుకు తిరిగాక తీసి, అదే నూనెలో ఉల్లిగడ్డ. తర్వాత పిట్టలు, ఒక్కోటీ వెల్లకిలా, కాళ్లు దగ్గరికి ముడుచుకుని. రోట్లో దంచిన ధనియాలూ ఎండుకొబ్బరీ గసగసాలూ పడగానే పక్కింటి కుక్క వచ్చి గేటు దగ్గర మర్యాదగా కూర్చుంది. ఆఖరికి ఆలుగడ్డలు పిట్టల మధ్య సర్ది, మూత పెట్టి, మూత మీద నిప్పులు వేసింది. కాసేపటికి ఆ ఆలుగడ్డలు మాంసం రసమంతా తాగేశాయి. వాటిని పులుసు కోసం వేసింది కాదు, పిట్టతో సమానంగా వండింది.

మామ వచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు, పీట మీద కూర్చున్నాడు. అమ్మ ఆయన ముందు కంచం పెట్టింది. తాత ముందు, నాయిన ముందు, నా ముందు పెట్టింది. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. నాయినమ్మకు, అత్తమ్మకు, తనకు కూడా అదే వరుసలో కంచాలు వేసింది. ఒక్కో కంచంలో ఒక్కో పిట్ట, రెండేసి ఆలుగడ్డ ముక్కలు.

నాయినమ్మ గిన్నెలోకి తొంగి చూసింది. "కాళ్లేవి? అల్లుడి కాళ్లేవే?"

"ఎవరి కాళ్లు వాళ్ల దగ్గరే ఉన్నాయండి అత్తయ్యా" అంది అమ్మ.

తాత దగ్గాడు, లేదా నవ్వాడు, ఇప్పటికీ తేలలేదు. నాయిన తల వంచుకుని, "ఉప్పు సరిపోయింది" అన్నాడు. ఇంకా ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేదు మహానుభావుడు.

మామ పిట్టను చూపుడు వేలితో అటు తిప్పి ఇటు తిప్పాడు. "అల్లుడొస్తే కోడి దొరకలేదా మీ ఊర్ల? పోరగానికి పెట్టినంత నాకు పెడ్తర?"

ఆ పోరగాణ్ణి నేనే. నా పిట్టను కంచంతో సహా కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

"అందరికీ అంతే అన్నయ్యా. వదినకి కూడా నిండు పిట్టే. జ్వరం పడి లేచిన మనిషి కదా. పోయినసారి పథ్యం తనది, కూర మీది అయిపోయింది" అని అమ్మ చాలా మెల్లగా అంది. ఆ మెల్లదనంలో ఉన్న కారం ఆ కూరలో లేదు.

మామ లేచాడు. చెయ్యి కడగకుండానే వాకిట్లోకి పోయి స్కూటర్ స్టాండు తీశాడు. "నువ్వొస్తవా రావా?" అని లోపలికి కేక వేశాడు. చెంబు పట్టుకుని నిలబడి ఉన్న అత్తమ్మ వైపు అందరం చూశాం. నాయినమ్మ కళ్లతోనే "పో బిడ్డా" అంటోంది. అత్తమ్మ చెంబు కింద పెట్టింది. కొంగు నడుముకు దోపుకుంది. మా వరుసలో, తన కంచం ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుంది. పిట్ట కాలు విరిచిన చప్పుడు నాకు వినపడింది.

"తింటున్న. తిన్నంక వస్త" అంది, వాకిలి వైపు చూడకుండా.

స్కూటర్ పోయిన చప్పుడు కాలువ దాకా వినపడింది. అత్తమ్మ తింటూనే ఉంది, కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆలుగడ్డను పిట్ట రసంలో అద్దుకుని ఆఖరి ముక్క దాకా తింది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. అమ్మ వచ్చి తప్పయిందని చెప్తేనే పెళ్లాన్ని తీసుకుపోతానని మామ కబురు. నాయినమ్మ అన్నం మానేసింది, అంటే మా ముందు మానేసింది. "నీ పిట్టల కూరకు నా బిడ్డ సంసారం ఖతం జేస్తివి గదనే" అని అమ్మను తిట్టింది. అమ్మ, "తప్పు చేస్తే చెప్తానండి" అంది తప్ప కదల్లేదు. దసరా పోయింది. రాత్రుళ్లు అత్తమ్మ ఊరికే గాజులు తిప్పుకుంటూ కూర్చునేది. చివరికి ఒక పొద్దున తనే సంచి సర్దుకుని, "నా ఇంటికి నేను పోనీకి ఒకరు తోలుకపోవుడెందుకు?" అని మిర్యాలగూడ బస్సెక్కింది. అక్కడ ఏం జరిగిందో మాకు తెలియదు. మళ్లీ వచ్చినప్పుడు మాత్రం, ఒక్కతే వచ్చింది, బుగ్గలకు కండ వచ్చింది. "ఇప్పుడు నా కంచం నేనే పెట్టుకుంటున్న మరదలా" అని అమ్మ చెవిలో చెప్పింది. నాయినమ్మ విననట్టు తమలపాకు ఈనె తీస్తూ కూర్చుంది. ఆ పూట కోడి కోస్తే ఒక కాలు కూతురికి, ఇంకోటి చప్పుడు చేయకుండా కోడలికి వేసింది.

మామ మాత్రం మా గడప తొక్కలేదు. పెళ్లిళ్లలో కనిపిస్తే నా వీపు చరిచి, "ఏందిర కంజూ, మీ అమ్మ ఇయ్యాల ఏం పిట్టను వండింది?" అని పదిమందిలో అరిచేవాడు. కొన్నాళ్లకు ఆ కంజు పెరిగి పెద్దదై కంజూస్ అయింది. మా ఇంటిపేరు మార్చుకుంటే సరిపోయేది, అంతగా స్థిరపడింది. నా పెళ్లిలో పీటల మీద ఉన్నప్పుడు కూడా, "కంజూసోళ్లింట్ల పెండ్లి, భోజనాలకు జర జల్దీ పోండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పెళ్లికొడుకు ఏడవకూడదు గనక.

ఇప్పుడు నాయినమ్మ లేదు, తాత లేడు, ఉప్పు సరిపోయిందనే నాయినా లేడు. పత్తికట్టె పొయ్యి స్థానంలో గ్యాసు వచ్చింది, సైదులు షెడ్డు ఉన్నచోట ప్లాట్లు పడ్డాయి. కోడి కాళ్లు ప్యాకెట్లలో విడిగా, ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతున్నాయి. వాటి కోసం అలిగేవాళ్లే లేరు.

మొన్న చలికాలం మామకు కంటి ఆపరేషన్ కోసం సూర్యాపేట రావాల్సి వచ్చింది. అత్తమ్మ ఆయన్ని నేరుగా ఆ ఊళ్లోనే ఉంటున్న మా ఇంటికి తీసుకొచ్చింది. "ఇంక యాడికి పోతం?" అంది, అంతే. రాత్రి నేనే వండాను, కంజు పిట్టలూ ఆలుగడ్డలూ, అమ్మ పక్కన నిలబడి వంకలు పెడుతుండగా. బల్ల చుట్టూ అమ్మ, అత్తమ్మ, నా భార్య, నా బిడ్డ కూర్చున్నారు. మామ కూడా కుర్చీ లాక్కోబోతుంటే, నేను గిన్నె మూత తీసి, "అబ్బా" అని చెయ్యి విదిలించాను.

"మామా, చెయ్యి గాలింది. జర గంటె పట్టరాదు?"

ఆయన కంగారుగా గంటె అందుకున్నాడు. జీవితంలో ఎవరికీ వడ్డించిన మనిషి కాదు, పిట్టను ఎక్కడ పట్టుకోవాలో తెలియక దాని చుట్టూ గంటె తిప్పాడు. మొదటి కంచం అత్తమ్మదే. "పులుసు గాదు, నిండు పిట్ట వెయ్యి" అంది ఆమె, కంచం కదలకుండా పట్టుకుని. వేశాడు. "ఆలుగడ్డ?" వేశాడు. తర్వాత అమ్మ. ఆమె కంచంలో పిట్ట వేసి, ఆలుగడ్డ మీద ఆలుగడ్డ వేస్తూనే పోయాడు. "చాలన్నయ్యా" అంది అమ్మ, చాలాసేపటికి. నా భార్యకు, నా బిడ్డకు, ఆఖరికి నాకు.

నేను కాలని చేతితో పిట్ట కాలు విరుచుకుని తిన్నాను. మేం రెండోసారి వడ్డన చేయించుకుని, నీళ్లు తాగి, తీరిగ్గా కబుర్లు చెప్పుకునేదాకా మామ గంటె పట్టుకుని నిలబడే ఉన్నాడు. కూర్చో మామా అని ఎవరైనా అంటారేమోనని చూశాను. అత్తమ్మ అనలేదు. నేనూ అనలేదు.