ఖాళీకి బదులు సున్నా

అడిగిందే తడవుగా తల ఊపే మనుషుల్ని నేను నమ్మను. కూరగాయల బండి దగ్గర ఈ బుద్ధి వల్ల మాటలు పడ్డాను గానీ, ఉద్యోగంలో మాత్రం బాగానే పనికొచ్చింది. జూలూరుపాడులో ఇంట్లోనే కూర్చుని హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ప్రోగ్రాములు రాస్తాను. మిర్చి కల్లంలోకి వచ్చే రోజుల్లో మా అత్తమ్మ కోసం కూడా ఒకటి రాశాను. అది రోజూ పొద్దున్నే ఇంటర్నెట్‌లో ఒక వాతావరణ సర్వీసును అడిగి, మా వైపు ఎంత వాన పడొచ్చో ఆమె ఫోన్‌కు పంపుతుంది.

ఆ సర్వీసుతో మాట్లాడటానికి ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, టైప్-సేఫ్ లైబ్రరీ ఒకటి దొరికింది. అంకె రావాల్సిన చోట అంకే వస్తుందని, పేరు రావాల్సిన చోట పేరే వస్తుందని అది పూచీ పడుతుంది. తేడా ఉంటే ప్రోగ్రామును ముందుకు కదలనివ్వదు. నాది మొదటిసారే, తప్పు చూపించే ఎర్రగీత ఒక్కటీ పడకుండా నడిచింది. నాకు అదే నచ్చలేదు.

అత్తమ్మకు మాత్రం తెగ నచ్చింది. మెసేజ్ చూసుకుని, ఇవాళ వాన లేదని పక్క కల్లాల వాళ్లకు కూడా చెప్పేది. కొన్నాళ్లకు వరసపెట్టి సున్నాలే రావడం మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నానికి ములకలపల్లి అడవి వైపు మబ్బు నల్లగా కమ్మింది. ఫోన్‌లో మాత్రం ఇవాళా సున్నా, రేపూ సున్నా. ఎండ కాసిన రోజుల్లో కూడా పాయింటు రెండో, పాయింటు మూడో చూపించిన సర్వీసుకు ఇంత మబ్బు కనబడలేదా అని అనుమానం వచ్చింది.

లైబ్రరీని పక్కనపెట్టి, సర్వీసు పంపిన జవాబును ఉన్నదున్నట్టు తెరిచి చూశాను. వాన అన్న చోట ఏమీ లేదు. మా వైపు లెక్క తన దగ్గర లేదని సర్వీసు ఖాళీ పంపింది. లైబ్రరీ ఆ ఖాళీలో సున్నా పెట్టి నా చేతికిచ్చింది. అంకె అడిగావు, అంకె ఇచ్చాను, ఇంకేం కావాలి అన్నట్టు. నాకు ఒళ్లు మండిపోయింది.

కల్లానికి పరుగెత్తాను. అత్తమ్మ పరిచిన మిర్చిని కాళ్లతో తిరగేస్తోంది. కాయ ఇంకా సరిగ్గా ఎండలేదు. కుప్ప చేసి టార్పాలిన్ పట్టాలు కప్పితే ఉక్కకు మచ్చలు పడి తాలుకాయ అవుతుంది, మార్కెట్లో దాని మొహం ఎవరూ చూడరు. కప్పకుండా వదిలేశాక వాన పడితే ఏడాది కష్టమంతా నీళ్లపాలు. పొద్దున సున్నా చూసి, పరిచే ఉంచుదామని చెప్పింది నేనే.

వాన వస్తుందా రాదా, ఒక్క మాట చెప్పమంది.

"తెల్వదు అత్తమ్మా."

"పొద్దుగాల తెలిసింది, గిప్పుడు తెల్వకుండ ఎట్లయింది?"

పొద్దున కూడా తెలియదని, తెలియకపోవడాన్నే అది సున్నా అని చూపించిందని చెప్పాను. ఆమె ఫోన్‌ను కాదు, నన్ను అనుమానంగా చూసింది. తర్వాత మబ్బు వైపు చూసి, పట్టాలు లాగమంది. చీకటి పడేలోగా ఇద్దరం కుప్పలు చేసి కప్పేశాం.

మబ్బు రెండు రోజులు అలాగే ఉండి, ఒక్క చినుకు రాల్చకుండా వెళ్లిపోయింది. పట్టాలు తీస్తే లోపలి నుంచి ఆవిరి మొహానికి కొట్టింది. అడుగు కాయలకు మచ్చలు పడ్డాయి. తీరా చూస్తే సున్నాయే నిజమైంది. నాకు ఏడుపొచ్చింది. అయినా ఆ సున్నా మీద కోపం మాత్రం పోలేదు.

అత్తమ్మ తిట్టలేదు. కూర్చుని మచ్చకాయలు ఏరుతోంది. నేనూ పక్కన కూర్చుని, ఇక ఖాళీ వస్తే ఫోన్‌లో తెలియదనే వస్తుందని, ప్రోగ్రామును అలా మార్చానని చెప్పాను. ఆమె తలెత్తలేదు.

"తెల్వదు అని వస్తే నన్ను లేపు బిడ్డా, మబ్బు నేనే చూసుకుంట," అంది. "సున్నా అని వస్తే ఇంకా జల్దీ లేపు."