చివరి సాళ్లలో మాయమైన చెరకు గడలు

2023. నర్సీపట్నంలో మా ఇంటి మేడ గదే నా ఆఫీసు. కంప్యూటర్ తెర మీద కనిపించే త్రీడీ బొమ్మ ఏదైనా చిన్న చిన్న త్రికోణాల అతుకే. ఆ ముక్కల్ని పాలిగన్లు అంటాం. వాటిని వేగంగా గీయించే కోడ్ రాయడం నా పని.

ఆరు నెలలు కూర్చుని కొత్త పద్ధతి ఒకటి రాశాను. పాలిగన్లు ఎంత ఎక్కువైతే దాని సత్తా అంత తెలియాలి. తీరా మా కంపెనీ బెంచ్‌మార్క్‌లో, అంటే వేగాన్ని కొలిచే ప్రోగ్రామ్‌లో, పాత కోడ్‌కీ నా కోడ్‌కీ ఒకటే స్కోరు.

"సోమవారంలోగా తేడా చూపించు. లేకపోతే నీ కోడ్ పక్కన పెట్టేస్తాం" అన్నారు టీమ్ లీడ్. ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది.

పంతం కొద్దీ వంద సాళ్ల చెరకుతోట తయారుచేశాను. రోలుగుంటలో మా పెదనాన్న తోటే నమూనా. గాలికి పడిపోకుండా నాలుగైదు గడల్ని కలిపి వాటి ఆకులతోనే చుట్ట కడతారు. అదీ వదల్లేదు. అయినా స్కోరు కదల్లేదు.

ఆదివారం పెదనాన్న టౌనుకొచ్చి, మేడెక్కి నా పక్కన కూర్చున్నారు.

"నా తోటేనేటమ్మా?" అని మురిసిపోయి, అంతలోనే మొహం చిట్లించారు. "ఏటే ఇది? ఆ సివరి సాళ్లలో సుట్టలు గాల్లో ఏలాడతన్నాయి. గెడలేవీ?"

"దూరం కదా పెదనాన్నా, కనబడవు."

"దూరమైతే సిన్నగా అవుపిస్తాయి గానీ, నేకుండా పోతాయేటి? బేగి దగ్గిరకి అట్టుకెళ్లు."

తెర మీద తోట చివరిదాకా వెళ్లాను. నిజమే, ఒక్క గడ లేదు. ముందు ఆకులు, తర్వాత గడలు గీయమని రాసింది నేనే. ఆకులయ్యాక గడల మధ్యలో ఎక్కడో గీయడం ఆగిపోతోందన్నమాట. సాళ్లు ఒక్కొక్కటే తగ్గిస్తూ పోయాను. అరవై దగ్గర గడలన్నీ వచ్చాయి. అరవై ఒకటి చేస్తే ఆఖరి సాలులో మళ్లీ మాయం. బెంచ్‌మార్క్ కోడ్ తెరిచి వెతికితే దొంగ దొరికాడు. పాత మెషీన్లు చతికిలబడకుండా ఎవరో ఎప్పుడో పెట్టిన పాలిగన్ల పరిమితి అది. దాటితే గీయదు, గీయలేదని చెప్పనూ చెప్పదు. నా కోడ్‌కి అసలైన బరువు ఎన్నడూ పడనేలేదు.

ఆ లైను తీసేసి మళ్లీ నడిపించాను. పాత కోడ్ ఆయాసపడింది. నాది వంద సాళ్లూ అవలీలగా గీసేసింది. కుర్చీలోంచి లేచి గెంతేశాను. పెదనాన్నకి ఏం అర్థమైందో గానీ ఆయనా చప్పట్లు కొట్టారు.

రెండు కోడ్‌లూ తోటని గీస్తుంటే తీసిన వీడియోలు పంపాను; సోమవారం అవి చూసి లీడ్ సారీ చెప్పారు. నా కోడ్ నిలబడింది.

వారమంతా నేను అంకె వంకే చూశాను, బొమ్మని చూడలేదు. ఇప్పుడు మా టీమ్‌లో స్కోరు రాసుకునే ముందు బొమ్మ చివరిదాకా వెళ్లి చూడాల్సిందే. ఆ నియమానికి పేరు "పెదనాన్న చెక్". ఫోన్ చేసి చెబితే నవ్వుతారనుకున్నాను. ఆయన ఆశ్చర్యపోయారు.

"అయితే ఇన్నాళ్లూ ఎవులూ సేన్లోకి దిగి సూడనేదేటే?"