మామిడి బెరడు మీది మంద

పురుగుల శాస్త్రం చదివి వ్యవసాయశాఖ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కోట అనే ఊళ్లో ఒక రైతు ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. ఇంటావిడను అత్తా అనేవాణ్ణి. పెరటి మామిడి బెరడు మీద నువ్వుగింజలో సగం లేని పురుగులు మందగా తిరగడం చూసి ఆవిడ చెట్టు కొట్టించబోయింది.

“మామిడి పోతే పోయింది నాయనా. నిమ్మతోటకు పాకితే మా గతేంది?”

“రేపటిదాకా ఆగత్తా.”

భూతద్దంలో పొడుగాటి మీసాలు, ఉబ్బిన నుదురు, నమిలే దవడలు కనిపించాయి. రసం పీల్చే ముక్కు లేదు. అయినా నిర్ధారణ కావాలి. బూజు పట్టిన బెరడు ముక్కను, ఒక లేత ఆకును గాజుసీసాలో వేసి పురుగుల్ని వదిలాను. తెల్లారేసరికి బూజు అక్కడక్కడ గీకినట్టు పోయింది, ఆకు చెక్కుచెదరలేదు.

“ఇవి బెరడు పేలు, అత్తా. బూజు తిని బతుకుతాయి, చెట్టు జోలికి పోవు.”

“నీ మాదిరే. ఉండేది మా ఇంట్లో, తినేది హోటల్లో.”

గొడ్డలితో వచ్చిన మనిషికి మజ్జిగిచ్చి పంపేసింది. నా చదువును అంతవరకు ఎవరూ నమ్మి చూడలేదు. తన తోటనే పణంగా పెట్టి ఆవిడ నమ్మింది. ఆ వేసవిలో ఆ చెట్టు మొదటి పండు నాకే ఇచ్చింది.