ఎడమచేతి అతుకులు

దయ్యం మాట ఎవరైనా ఎత్తితే తువ్వాలు దులుపుకుని లేచిపోయే రకం నేను. మా ధర్మవరంలో నేతపనివాళ్ల వీధిలో అలాంటి కబుర్లకు కొదవ లేదు. ఫలానా ఇంట్లో మగ్గం దానంతటదే ఆడిందంటారు. ఎలుక దూరి ఉంటుంది పోండి అనేవాణ్ణి. ఇప్పటికీ వేరేవాళ్లు చెబితే అదే అంటాను. నాకు జరిగినదానికి మాత్రం ఎలుక సరిపోవడం లేదు.

ముందు మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలు కొంచెం మిగిల్చి, కొత్త పోగులను వాటికి ఒక్కొక్కటిగా అతకాలి. ముడి వేయరు. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి ఒక మెలి తిప్పుతారు. పట్టుచీరకు పోగులు వేలల్లో ఉంటాయి, ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకని స్నేహితులు ఒకరి మగ్గానికి ఒకరు వచ్చి అతికిపోతారు. ఈరోజు నీకు నేను, రేపు నాకు నువ్వు.

మేము ముగ్గురం అలా ఉండేవాళ్లం. నేను, కుళ్లాయప్ప, ఓబులేసు. పంతొమ్మిది వందల యాభైల చివర్లో మాట. ముగ్గురికీ ఇరవై దాటి ఒకటి రెండేళ్లు. కుళ్లాయప్పది ఎడమచేతి వాటం. అందరి మెలీ ఒకవైపు పడుకుంటే వాడిది దానికి ఎదురుగా పడుకునేది. కళ్లు మూసుకుని వేలితో తడిమినా తెలిసిపోయేది. జడ తిరగేసి అల్లినట్టుందిరా అని ఏడిపించేవాళ్లం. వాడు అతికిన పోగు మాత్రం ఊడేది కాదు.

ఆ ఏడు మా వీధిలో లచ్చుమయ్య తాత ఇంట్లో పట్టు పడుగు పోయింది. ఇంటిల్లిపాదీ హిందూపురంలో పెళ్లికి పోయి, వారం తర్వాత వచ్చి చూస్తే మగ్గం మీద పోగులు కోసేసి ఉన్నాయి. పోలీసులకు చెబుదామని ఎవరూ అనలేదు. చెబితే వాళ్లు ఇల్లిల్లూ సోదా చేసి ఉన్న పట్టంతా పట్టుకుపోతారు, మగ్గాలు నిలిచిపోతాయి. మన దొంగను మనమే పట్టుకుందాం అన్నారు పెద్దలు. నేనూ తలూపాను.

నాలుగో రోజు ఆ పట్టు ఊరి చివర పాడుబడ్డ కొట్టంలో దొరికింది. గుర్తు తెలియకుండా ముక్కలు చేసి, మళ్లీ అతికి, కొత్త పడుగులా చుట్టిపెట్టారు. పెద్దలు దాన్ని ఎండలో పరిచి అతుకులు చూశారు. సగానికి సగం ఎదురు మెలి. ఇంక ఎవరినీ అడగాల్సిన పని లేదనుకున్నారు. మా వీధిలో అతుకంటే వేలిముద్ర కిందే లెక్క. అతికినవాడు ఎవరి కోసం అతికాడన్నది అతుకు చూస్తే తెలియదని ఒక్కరికీ తట్టలేదు.

నాకు తట్టాల్సిన పని లేదు, నాకు తెలుసు. తాతవాళ్లు పెళ్లి నుంచి తిరిగి రాకముందే ఓబులేసు ఆ పట్టు పట్టుకొచ్చాడు. తన పడుగును ఎలుకలు కొట్టాయని చెప్పాడు. వాడూ కుళ్లాయప్పా ఎదురెదురుగా కూర్చుని మధ్యాహ్నం దాకా అతికారు. నేను పక్కన కూర్చుని బొరుగులు తింటూ ఇద్దరినీ ఆట పట్టించాను. అది తాత పట్టని అప్పుడు నాకూ తెలియదు, కుళ్లాయప్పకూ తెలియదు.

వాణ్ణి వీధి మధ్యలో నిలబెట్టారు. వాడు భయపడలేదు. నన్ను చూసి నవ్వినంత పని చేశాడు.

"ఓబులేసు తెస్తే అతికినా తాతా. చలపతి ఆడే ఉన్న్యాడు. వాణ్ణి అడుగు."

తాత నా వైపు తిరిగాడు. "ఏమబ్బా, నువ్వు చూసినావా?"

ఇంకో పదిహేను రోజుల్లో ఓబులేసుకూ మా చెల్లెలికీ పెళ్లి. పందిరి గుంజలు కూడా వచ్చి ఉన్నాయి. ఓబులేసు తల వంచుకుని కాలి బొటనవేలితో మట్టి గీస్తున్నాడు.

"నేను చూడలా" అన్నాను.

 కుళ్లాయప్ప ఇకమీదట ఎవరి పోగూ ముట్టకుండా చేస్తే చాలన్నారు పెద్దలు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు. రోకలి తెచ్చారు. స్నేహితుడు పట్టుకుంటే గింజుకోడని మణికట్టు పట్టుకోవడానికి నన్ను పిలిచారు. పట్టుకున్నాను. వాడు గింజుకోలేదు. ఆ చప్పుడు నాకు గుర్తులేదు. వాడి మణికట్టు మీద బూడిద అంటుకుని ఉండటం గుర్తుంది. తర్వాత ఇంటికి పోయి సంగటి తిన్నాను.

మర్నాడు నా మగ్గానికి అతుకు. చెల్లెలి పెళ్లిచీర కోసం. కుళ్లాయప్ప వస్తానని మాటిచ్చి ఉన్నాడు. ఇంకొకరిని పిలుచుకున్నాను.

వాడు తల్లిని తీసుకుని పెనుకొండ పోయాడు. అక్కడ హోటల్లో నీళ్లు మోస్తున్నాడని విన్నాను. చెల్లెలి పెళ్లి అయింది. ఓబులేసు హిందూపురంలో పట్టుగూళ్ల వ్యాపారం పెట్టి మంచివాడని పేరు తెచ్చుకున్నాడు. నాకూ పెళ్లయింది. చెల్లెలిని చూడటానికి రైల్లో పోయినప్పుడల్లా, పెనుకొండ స్టేషన్ వస్తే ప్లాట్‌ఫారం లేని వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. బాధ అంటారా, అదేమీ తెలిసేది కాదు. ఎక్కువసేపు మడిచి కూర్చున్న కాలిలా ఉండేది లోపల.

ఐదారేళ్లు గడిచాక ఒక ఎండాకాలం జరిగింది నేను చెప్పబోయేది. పట్టపగలు. నేనూ నా భార్య రుక్మిణీ కొత్త పడుగు అతుకుతున్నాం. కుడి అంచు నుంచి మొదలుపెట్టి సగం దాకా వచ్చాం. ఎడమ అంచు ఇంకా ముట్టుకోలేదు. అన్నానికి లేచాం. మా ఇల్లు ఒకటే గది, ఒకటే వాకిలి. లోపల ఉక్కగా ఉందని ఆ వాకిలి గడప దగ్గరే అడ్డంగా కూర్చుని తిన్నాం. ఎవరూ మమ్మల్ని దాటి లోపలికి పోలేదు.

చేతులు కడుక్కుని ముందుగా లోపలికి పోయింది రుక్మిణి.

"ఇదెవురు అతికింది? తిరగేసి ఉండాది" అంది.

ఎడమ అంచు నుంచి జానెడు మేర అతికి ఉంది. వేలితో తడిమాను. ఎదురు మెలి. రుక్మిణి కాపురానికి వచ్చేనాటికి కుళ్లాయప్ప ఊళ్లో లేడు, వాడి సంగతి నేనెప్పుడూ ఆమెకు చెప్పలేదు. అన్ని పోగులు అతకాలంటే చెయ్యి తిరిగినవాడికి కూడా గంట పైనే పడుతుంది. మేము తిని లేచింది పావుగంటలో. మతి తప్పి నేనే అతికానేమోనని ఎడమచేత్తో ప్రయత్నించాను. ఇరవై అతికితే పదిహేను ఊడొచ్చాయి.

సాయంత్రం హిందూపురం రైలు దిగి ఓబులేసు మా ఇంటికి వచ్చాడు. నేనేమీ చెప్పకుండా మగ్గం దగ్గరికి తీసుకుపోయి చూపించాను. వంగి చూశాడు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. 

"నాకేం కనపడలా బావా. అన్నీ ఒకే మాదిరి ఉండాయి" అన్నాడు.

వాడు చూశాడు. చూసి, చూడలేదన్నాడు. ఒక మనిషి ఎదురుగా నిలబడి అలా అంటే ఎలా ఉంటుందో నాకు ఆరోజు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే పెనుకొండ పోయాను. కొండ కింద వీధిలో ఇల్లు దొరికింది. కుళ్లాయప్ప తల్లి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కుళ్లాయప్ప యాడున్నాడమ్మా అన్నాను.

"పోయి నెల దాటిందప్పా" అంది. "జరమొచ్చింది. చలపతి మగ్గానికి మాటిచ్చినాను, పోవాల, పోవాల అని ఒకటే పలవరింత. ఆ చేత్తో ఏం అతుకుతావురా అంటే నవ్వేవాడు."

ఆమె కళ్లు సరిగా కనపడక నన్ను పోల్చుకోలేదనుకుంటాను. లేక పోల్చుకునే చెప్పిందేమో. తాగడానికి నీళ్లు ఇచ్చింది. తాగాను. నేనే చలపతినని చెప్పలేకపోయాను.

తిరిగొచ్చి మిగతా పోగులు కూడా అతికి పడుగు ముందుకు లాగుతుంటే మేమతికినవి పది పన్నెండు ఊడాయి. ఆ జానెడులో ఒక్కటీ ఊడలేదు. నేత మొదలయ్యాక ఆ అతుకులున్న ముక్క కోసి దాచాను. ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. నేత తెలిసినవాళ్లు నలుగురికి చూపించాను. ఇది ఎడమచేతివాటం మనిషి పని అని నలుగురూ అన్నారు. ఎవరి పని, ఎలా జరిగింది అన్నది వెతికి వెతికి వదిలేశాను.

లచ్చుమయ్య తాత నిజం తెలియకుండానే పోయాడు. ఓబులేసు కూడా పోయాడు. చెల్లెలు ఉంది, ఇది చదివితే ఇక నాతో మాట్లాడదు. అయినా తాత అడిగినదానికి జవాబు ఇన్నాళ్లూ నా దగ్గరే ఉండిపోయింది.

చూసినాను తాతా. ఆ పట్టు తెచ్చింది ఓబులేసు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను.